ఏరు కలిసే చోట ఎవరి పేరూ లేదు

*చిత్తూరు కొండల్లో పుట్టిన ఆరణి ఏరు సముద్రాన్ని చేరే చోట వలందావాళ్లు (డచ్చివాళ్లు) నాలుగు వందల ఏళ్ల కిందట కోట కట్టారు. ఆ రేవులో బట్టల మూటలతో పాటు మనుషులూ ఓడలెక్కారు. కొన్నవాళ్ల సమాధులు ఈనాటికీ చెక్కు చెదరలేదు. అమ్ముడుపోయినవాళ్లకు ఒక్క రాయి కూడా లేదు. కార్వేటినగరం నుంచి పులికాట్ దాకా ఏటి వెంట సాగిన ప్రయాణం ఇది.*

మా అవ్వ గంజినీళ్లు పారబోయనిచ్చేది కాదు. అన్నం వార్చిన గంజిలో ఉప్పుగల్లు వేసి అందరికీ తలా ఒక గ్లాసు పోసేది. వద్దంటే కోప్పడేది. "ధాతు కరువులో ఈ గంజి కోసం బిడ్డల్ని వదులుకున్నారు" అనేది. ఆ కరువు 1876లో మొదలైంది, ధాతు నామ సంవత్సరంలో. అవ్వ దాన్ని చూడలేదు, ఆమె అవ్వ చూసింది. వదులుకోవడమంటే ఏమిటో చిన్నప్పుడు నాకు తెలియలేదు. చచ్చిపోయారనుకున్నాను. అమ్ముకున్నారని అర్థమయ్యేసరికి నాకు నలభై ఏళ్లు దాటాయి. అర్థమైన చోటు మా ఊరికి వంద కిలోమీటర్లకు పైనే దూరంలో ఉంది, సముద్రపు ఒడ్డున.

మా ఊరు కార్వేటినగరం. స్కంద పుష్కరిణి, వేణుగోపాలస్వామి గుడి, రాజుల కాలపు గోడలు మాకు ఇంటి ముంగిట ఉన్నట్టే. సారంగపాణి పదాలు పుట్టిన ఊరు. పాత గోడ కనబడితే ఆగి చూసే అలవాటు మాకు పుట్టుకతో వస్తుంది. అందుకే పులికాట్‌లో డచ్చివాళ్ల కోట ఉందని విన్నప్పటి నుంచీ చూడాలని ఉండేది. పుత్తూరు మీదుగా నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం దారి పట్టాను. పిచ్చాటూరు కట్ట దగ్గర నిలబడితే ఆరణి ఏరు కనిపిస్తుంది. మన కొండల నీళ్లు అక్కడ కాసేపు ఆగి, సురుటుపల్లి మీదుగా ఊత్తుకోట, పెరియపాళెం, పొన్నేరి దాటి పులికాట్ దగ్గర సముద్రాన్ని చేరతాయి. సురుటుపల్లిలో శివుడు విషం మింగి, అమ్మవారి ఒడిలో తల పెట్టుకుని పడుకుని ఉంటాడు. దండం పెట్టుకుని ముందుకు పోయాను. ఏరు దారి చూపిస్తూనే ఉంది.

ముండ్లచెట్ల కింద కోట

పులికాట్‌ను అరవంలో పళవేర్కాడు అంటారు. మన తెలుగువాళ్లు ప్రళయకావేరి అన్నారు. స.వెం.రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్లకు ఆ సరస్సు, ఆ దీవుల్లోని తెలుగు పలుకు కొత్త కాదు. చిలికా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం ఇప్పటి తిరుపతి జిల్లాలోనే ఉంది. ఊరు మాత్రం తమిళనాడులో, తిరువళ్లూరు జిల్లాలో.

పడవల రేవు దగ్గర వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయనను కోటకు దారి అడిగాను. నా మాట వినగానే తెలుగులోకి మారిపోయాడు.

"ఏవూరు సామీ మీది?"

"కార్వేటినగరం పెద్దాయనా."

"కోటలో ఏముంది సామీ, ముండ్లచెట్లు తప్ప. సమాధులు చూడండి, శానా బాగుంటాయి."

ఆయన చెప్పింది నిజమే. ఒకనాడు బంగాళాఖాతపు వ్యాపారాన్ని శాసించిన జెల్డ్రియా కోట ఇప్పుడొక దిబ్బ. చుట్టూ కందకం ఆనవాలు, అందులో పచ్చగా నాచు పట్టిన నీళ్లు, దిబ్బ నిండా సీమతుమ్మ. కాలు పెట్టిన చోటల్లా ముల్లు. కొమ్మలు పక్కకు నెట్టి చూస్తే ఇటుకల వరస ఒకటి, సున్నం గార ముక్క ఒకటి. ఇటుకను ముట్టుకున్నాను. ఎండకు కాలి ఉంది.

బట్ట కోసం వచ్చినవాళ్లు

1602లో ఏర్పడిన డచ్ ఈస్టిండియా కంపెనీకి మొదట మన నేల మీద మోజు లేదు. వాళ్లకు కావలసినవి తూర్పు దీవుల లవంగాలు, జాజికాయలు, జాపత్రి. ఆ దీవులవాళ్లు వాటికి బదులుగా అడిగింది వెండి కాదు, మన తూర్పు తీరంలో, అంటే కోరమాండల్‌లో నేసిన బట్ట. మన నేతగాళ్ల గుడ్డ లేకపోతే అక్కడ జాజికాయ దొరకదు. అందుకే 1605లో మచిలీపట్నంలో దిగారు. తర్వాత పులికాట్ వచ్చారు.

హాలెండువాళ్లను మన పెద్దలు వలందావాళ్లు అన్నారు. పోర్చుగీసువాళ్లు బుడతకీచులు, ఫ్రెంచివాళ్లు పరాసులు. బందరులో వలందపాలెం, పరాసుపేట పేర్లు ఈనాటికీ ఉన్నాయి. ఊళ్లు తమ అతిథులను అంత తొందరగా మరిచిపోవు.

అప్పుడు ఈ సీమంతా విజయనగర రాజుల ఆఖరి వంశం చేతిలో ఉంది. పెనుకొండ వదిలి చంద్రగిరికి, అక్కడి నుంచి వేలూరుకు మారిన వెంకటపతిరాయలు 1610లో వలందావాళ్లకు పులికాట్‌లో వ్యాపారం చేసుకొమ్మని అనుమతి ఇచ్చాడు. మైలాపూరు వైపు పాతుకుపోయిన బుడతకీచులకు అది నచ్చలేదు. 1612లో వచ్చి వలందావాళ్ల కొట్టును ధ్వంసం చేశారు. పట్నం రాయల రాణి అధీనంలో ఉండేది. ఆమె మొదలుపెట్టించిన కోటను వలందావాళ్లు 1613లో ముగించుకున్నారు. అప్పటి అధికారి వెమ్మర్ వాన్ బెర్చెమ్ సొంత సీమ గెల్డర్‌లాండ్ కాబట్టి కోటకు జెల్డ్రియా అని పేరు పెట్టారు. కోరమాండల్ తీరంలోని డచ్చి స్థావరాలన్నిటికీ 1690 దాకా ఇదే రాజధాని. ఇక్కడ టంకశాల ఉండేది. తుపాకిమందు కార్ఖానా ఉండేది. చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన గళ్ల రుమాళ్లు ఇక్కడి నుంచే లోకమంతా తిరిగాయి. మెక్సికోలో మెడకు కట్టుకునే రుమాలును ఈనాటికీ 'పాలియకాటే' అంటారు. మన పులికాట్ పేరే అది. అంత దూరంలో, ఆ గుడ్డ మీద బతికి ఉంది.

గుడ్డ మీద మిగిలిన ఆ పేరే మనుషుల మీద కూడా మిగిలింది. కోట దగ్గర నన్ను పట్టుకున్నది ఆ మనుషుల కథే.

జాజికాయ తోటలకు కూలీలు కావాలి

1619లో కంపెనీ జావా దీవిలో బటేవియా పట్నం కట్టుకుంది. ఇప్పటి జకార్తా అదే. 1621లో గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌స్జూన్ కూన్ బందా దీవుల మీద దాడి చేశాడు. అప్పట్లో లోకం మొత్తానికి జాజికాయ దొరికింది ఆ చిన్న దీవుల్లోనే. అక్కడ సుమారు 15 వేల మంది ఉండేవాళ్లు. కత్తికి బలైనవాళ్లు, ఆకలికి చచ్చినవాళ్లు, పారిపోయినవాళ్లు, పట్టుబడి బటేవియాకు పోయినవాళ్లు పోగా వెయ్యి మంది మిగిలారో లేదో. తోటలు మిగిలాయి, మనుషులు లేరు. చెట్ల నిండా కాయ, కోసే చెయ్యి లేదు.

సరిగ్గా ఆ తర్వాతే, 1622, 1623 సంవత్సరాల్లో, పులికాట్, దేవనాంపట్నం రేవుల నుంచి కంపెనీ ఓడలు సుమారు 1,900 మంది బానిసలను తూర్పుకు తీసుకెళ్లాయి. ఇంకా డబ్బు ఉంటే మరో 2,000 మందిని కొనేవాళ్లమని ఇక్కడి కంపెనీ అధికారులు రాసుకున్నారు. కాబట్టి బేరం ఆగింది జాలి కలిగి కాదు. పెట్టెలో కాసులు అయిపోయి.

అంత మంది ఒక్కసారిగా ఎక్కడి నుంచి వచ్చారు? ఊళ్లలోకి దూరి పట్టుకుపోయే అవసరం వలందావాళ్లకు ఎక్కువగా రాలేదు. లోపలి సీమే మనుషులను రేవుకు తోసింది. వెంకటపతిరాయలు 1614లో కన్నుమూశాడు. వారసత్వం కోసం గొబ్బూరి జగ్గరాయుడు ఒక వైపు, వెలుగోటి యాచమనాయకుడు ఒక వైపు నిలబడ్డారు. కొత్తగా గద్దెనెక్కిన శ్రీరంగరాయలను కుటుంబంతో సహా చంపేశారు. ఆ పోరు తోపూరు యుద్ధం దాకా పోయి దక్షిణదేశాన్నంతా దున్నేసింది. దండు నడిచిన చేలో ఆ ఏడు పంట రాదు. పైన వాన కూడా మొహం చాటేస్తే గింజ ధర ఆకాశానికి పోతుంది. మనిషి ధర నేలకు పడుతుంది.

కోరమాండల్ బానిసల బేరం లెక్కలు వరసగా పెట్టి చూస్తే అదొక కరువుల పంచాంగంలా ఉంటుంది. 1645లో నాయకరాజుల తిరుగుబాటు, వెంటనే బిజాపూరు దండు తంజావూరు సీమను తగలబెట్టడం. మరుసటి ఏడే, 1646లో, 2,118 మంది బటేవియాకు పోయారు. 1659 నుంచి 1661 దాకా మళ్లీ బిజాపూరు దాడులు. నాగపట్నం, పులికాట్ తదితర రేవుల్లో కంపెనీ ఎనిమిది నుంచి పది వేల మందిని కొంది. ఎక్కువ మందిని సింహళానికి పంపింది. 1673లో మధుర వైపు వానలు పోయాయి, మళ్లీ బేరం పెరిగింది. 1687 సెప్టెంబరులో మద్రాసు సెయింట్ జార్జి కోట నుంచి ఇంగ్లీషువాళ్లు 665 మందిని ఎగుమతి చేశారు. 1694 నుంచి 1696 దాకా దేశంలో మళ్లీ యుద్ధాలు. ఆ మూడేళ్లలో ప్రైవేటు వ్యాపారులే 3,859 మందిని సింహళానికి దింపారు.

వీళ్లలో పిల్లలూ ఉన్నారు. ఒక బిడ్డను అమ్మితే మిగిలిన ఇద్దరికీ గింజలు దొరుకుతాయి. అమ్మిన బిడ్డకైనా ఎవరో ఒక ముద్ద పెడతారు కదా అన్న ఆశ ఒకటి. మా అవ్వ చెప్పిన 'వదులుకోవడం' ఇదే.

అస్థిపంజరాలు కాపలా కాసే వాకిలి

కోట నుంచి కొద్ది దూరంలోనే వలందావాళ్ల శ్మశానం. పురావస్తు శాఖ రక్షణలో ఉంది. వాకిలికి అటూ ఇటూ అస్థిపంజరాల శిల్పాలు. లోపల నల్లరాయి పలకలు, వాటి మీద వలందా భాషలో రాతలు, వంశ చిహ్నాలు, లతలు, పూలు. అక్షరం లోతుగా, పదునుగా చెక్కారు. చెయ్యి పెడితే వేలు గాడిలో దిగుతుంది. పేరు, పదవి, పుట్టిన ఊరు, చనిపోయిన రోజు అన్నీ ఉన్నాయి. పెద్దాయన అన్నట్టు నిజంగానే బాగుంటాయి. ఆ పనితనం చూసి చాలాసేపు అక్కడే ఉండిపోయాను. చెక్కిన చేతులు మన శిల్పులవే అయి ఉండాలనిపించింది.

ఆ తర్వాత లోపల ఏదో కలుక్కుమంది. ఇక్కడ పడుకున్నవాళ్లలో కొందరు ఆ బానిసల బేరం పద్దులు రాసినవాళ్లే అయి ఉండవచ్చు. మగవాళ్లు ఇంతమంది, ఆడవాళ్లు ఇంతమంది, పిల్లలు ఇంతమంది, దారిలో పోయినవాళ్లు ఇంతమంది అని గీతలు గీసి కూడినవాళ్లు. వాళ్లకు రాతి మీద పేరుంది. వాళ్లు కూడిన అంకెలకు ఒక్కదానికీ పేరు లేదు. ఊరంతా తిరిగాను. ఆ అమ్ముడుపోయిన మనుషుల ప్రస్తావన నాకు ఎక్కడా కనబడలేదు.

పళియకట్టె కాత్రైన్

ఒకే ఒక్క మనిషి కొంచెం తెలుస్తుంది. ఆమె కథ దొరికేది ఇక్కడ కాదు, ఆఫ్రికా ఖండం కొసన.

1631 ప్రాంతంలో పులికాట్‌లో ఒక ఆడపిల్ల పుట్టింది. బటేవియాకు బానిసగా చేరింది. కంపెనీ కాగితాల్లో ఆమె పేరు గ్రోట్ కాత్రైన్ వాన్ పళియకట్టా, అంటే పళియకట్టె పెద్ద కాత్రైన్. 1656లో తన మీద చెయ్యి చేసుకున్న ప్రియుణ్ని ఎదిరించిన పెనుగులాటలో అతడు చనిపోయాడు. ఆమెకు మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని మార్చి దేశాంతరం పంపారు. 1657లో ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌లో దిగింది. అప్పటికి అక్కడ డచ్చి స్థావరం పెట్టి అయిదేళ్లే. అక్కడికి శిక్ష మీద వచ్చిన ఆడవాళ్లలో నమోదైన మొదటి పేరు ఆమెదే. కేప్ స్థావరాన్ని స్థాపించిన యాన్ వాన్ రీబేక్ ఇంటి బట్టలు ఉతికింది. హాన్స్ క్రిస్టోఫెల్ స్నైమాన్ అనే సిపాయి వల్ల ఆమెకు కొడుకు పుట్టాడు. 1671లో, స్వేచ్ఛ పొందిన బెంగాలీ ఆంథొనీని పెళ్లాడింది. ఆమె కొడుకు క్రిస్టోఫెల్ ఫ్రాన్సు నుంచి శరణార్థిగా వచ్చిన కుటుంబంలోని అమ్మాయిని చేసుకున్నాడు. ఇప్పుడు దక్షిణాఫ్రికాలో స్నైమాన్ ఇంటిపేరుతో ఉన్న తెల్లవాళ్ల వంశానికి మూలపుటమ్మ మన పులికాట్ ఆడపడుచు.

కేప్‌కు 1652 నుంచి 1808 దాకా సుమారు 63 వేల మంది బానిసలను తెచ్చారని, వాళ్లలో నాలుగో వంతు భారతదేశం వాళ్లని చరిత్రకారులు లెక్కగట్టారు. వాళ్ల పేర్లన్నీ ఒకే తీరు. ఒక క్రైస్తవ పేరు, పక్కన రేవు పేరు. బెంగాల్ ఆంజెలా, మలబారు క్లాస్, పళియకట్టె కాత్రైన్. అమ్మ పెట్టిన పేరు ఓడ ఎక్కేటప్పుడే రాలిపోయింది. కానీ ఊరి పేరు రాలలేదు. కొన్నవాడు సరుకు ఎక్కడిదో గుర్తు పెట్టుకోవడానికి రాసుకున్న ఆ ముక్క వల్లే ఆమె ఏ ఏటి ఒడ్డు బిడ్డో మూడు వందల యాభై ఏళ్ల తర్వాత నాకు తెలిసింది.

మన వాటా

ఈ కథను 'తెల్లవాళ్ల దుర్మార్గం' అని ఒక్క మాటలో ముగించవచ్చు. దుర్మార్గమే, సందేహం లేదు. కానీ అలా ముగిస్తే మనం సగమే చెప్పినవాళ్లమవుతాం. వలందావాళ్లు రేవులో కూర్చున్నారు. లోపలి నుంచి మనుషులను రేవు దాకా తెచ్చింది మన దళారులు. ఊళ్లు తగలబెట్టింది మన రాజుల దండ్లు. గింజలు దాచి ధర పెంచింది మన కోమట్లో, కాపులో, కరణాలో ఎవరో ఒకరు కాదు, గింజ చేతిలో ఉన్న ప్రతివాడూ. వలందావాళ్లు రాకముందే మన భాషలో బానిస ఉన్నాడు, దాసి ఉంది, తొత్తు ఉంది. తొత్తు అంటే వెట్టి ఆడది. ఈనాటికీ అది మన ఊళ్లలో తిట్టు. కొన్నవాణ్ని ఎవరూ తిట్టుగా వాడరు. అమ్ముడుపోయినదాని పేరే తిట్టయింది. మన నాలుక మీద ఇంకా ఆ సంత జరుగుతూనే ఉంది.

కోట చేతులు మారింది. 1781లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు. ఇచ్చిపుచ్చుకోవడాలు అయ్యాక 1825లో పులికాట్ పూర్తిగా వాళ్లదైంది. కోటను అంతకుముందే కూల్చేశారు. 1843లో మన దేశంలో బానిసత్వాన్ని చట్టం గుర్తించడం మానేసింది. కానీ ఓడలు ఆగలేదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను తీసుకుని నాటాల్ చేరింది. ఈసారి చేతిలో ఒప్పంద పత్రం ఉంది. ఆ తర్వాత మద్రాసు రేవు మీదుగా నాటాల్ చెరకు తోటలకు పోయినవాళ్లలో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లే ఎక్కువ. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మా కార్వేటినగరం ఆ జిల్లాలోదే. వాళ్ల మనుమలు 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు కాపాడుకున్నారు. బానిసను, ఒప్పంద కూలీని ఒక్కటనలేం. కానీ రెండు ఓడలనూ నింపింది ఒక్కటే, ఇంట్లో గింజ లేకపోవడం.

హాలెండు ఆలస్యంగానైనా నోరు విప్పింది. 2022 డిసెంబరు 19న ఆ దేశ ప్రధాని మార్క్ రుట్టె, 2023 జూలై 1న రాజు విల్లెమ్ అలెగ్జాండర్ బానిస వ్యాపారానికి క్షమాపణ చెప్పారు. ఆ మాట పులికాట్ దాకా ఇంకా నడిచి రావాలి. అది వచ్చేలోపు మన మాట మనం చెప్పుకోవాలి.

వెళ్లాలనుకుంటే

తిరుపతి, పుత్తూరు వైపు నుంచి వచ్చేవాళ్లు నాగలాపురం, ఊత్తుకోట, పెరియపాళెం మీదుగా పొన్నేరి చేరాలి. పొన్నేరి గూడూరు – చెన్నై రైలు దారిలో ఉంది. అక్కడి నుంచి పులికాట్ ఇరవై కిలోమీటర్ల లోపే. చెన్నై నుంచి అయితే సుమారు 60 కిలోమీటర్లు. శ్మశానం చూడటం తేలిక. కోట దిబ్బ మీదికి వెళ్లాలంటే కాళ్లకు బూట్లు, తోడు ఒక మనిషి ఉండాలి. పాత మసీదులు, ఆదినారాయణ పెరుమాళ్ గుడి, పోర్చుగీసు కాలం నాటి మాత చర్చి అన్నీ దగ్గర దగ్గరగానే ఉంటాయి. తాటాకు బుట్టలల్లే ఆడవాళ్ల పనితనం చూడదగ్గది. చలికాలంలో సరస్సు మీద రాజహంసలు దిగుతాయి.

రెండు వరసలు చాలు

సాయంత్రం మళ్లీ రేవుకు వచ్చాను. పెద్దాయన వల మడత పెడుతున్నాడు.

"చూసినారా సామీ?"

"చూశాను. వలందావాళ్లు ఇక్కడ ఏం చేసేవాళ్లని మీ పెద్దలు చెప్పేవాళ్లు?"

"గుడ్డలు కొనేవాళ్లని చెప్తావుండ్రి."

"మనుషుల్ని కూడా కొన్నారు. ఓడల్లో తీసుకుపోయారు."

ఆయన వల పక్కన పెట్టాడు. కాసేపు సముద్రం వైపు చూశాడు. "కరువొస్తే మనిషి ఏదైనా అమ్ముతాడు సామీ. కొనేవాడు కదా ఆలోచించాల్సింది" అన్నాడు.

ఎన్ని పుస్తకాలు తిరగేసినా నాకు ఇంతకు మించిన తీర్పు దొరకలేదు.

సముద్రపు మొగ వైపు చూస్తూ నిలబడ్డాను. పిచ్చాటూరు కట్ట దగ్గర పొద్దున చూసిన నీళ్లు ఏదో ఒకనాటికి ఇక్కడికే రావాలి. ఓడ ఎక్కేముందు ఎవరో ఒక పిల్ల వెనక్కి తిరిగి చూసి ఉంటుంది. పడమట నీలంగా కనిపించే ఏ కొండల వైపో చూసి ఉంటుంది. ఆ పిల్ల కోసం కోట దిబ్బ పక్కన ఒక రాయి పాతాలి. పెద్దది అక్కర్లేదు, శిల్పాలూ అక్కర్లేదు. తెలుగులో, అరవంలో రెండు వరసలు చెక్కితే చాలు.

1622–23లో ఈ తీరం నుంచి 1,900 మంది.

వాళ్ల తర్వాత ఈ ఊరి బిడ్డ, అమ్మ పెట్టిన పేరు పోగొట్టుకుని ఊరి పేరు మోసుకుపోయిన కాత్రైన్.